కీ పడింది సరే, లైసెన్సు వచ్చిందా?

విండోస్ 11 హోమ్ ధర అమెరికాలో 139 డాలర్లు, ప్రొ అయితే 199. మన దగ్గర హోమ్ రిటైల్‌కే పదివేలకు అటూ ఇటూ అవుతుంది. అదే విండోస్ 11 ప్రొ, "ఒరిజినల్ ఓఈఎం కీ, లైఫ్‌టైమ్ వ్యాలిడిటీ" అన్న మాటతో ఆన్‌లైన్‌లో ఐదారు వందలకే దొరుకుతుంది. (ఓఈఎం అంటే కంప్యూటర్ తయారుచేసి అమ్మేవాళ్లు.) సికింద్రాబాద్ పార్క్‌లేన్ నుంచి ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ విడివిడిగా తెప్పించుకుని, అమలాపురంలోనో పాలకొల్లులోనో ఇంట్లో కూర్చుని సిస్టమ్ బిగించుకున్న కుర్రాడు చివర్లో వచ్చి ఆగేది ఇక్కడే. సామాన్లకి నలభై వేలు పోశాక, చేతికి తగలని దానికి ఇంకో పదివేలా? ఏ కంప్యూటర్ షాపులో అడిగినా ఒకటే జవాబు: "కీ పడితే చాలదాండీ? పచ్చ టిక్కు వచ్చేసిందంటే ఇంక గొడవే లేదండి, ఆయ్."

గొడవంతా, విండోస్ యాక్టివేట్ అయిందని చూపే ఆ పచ్చ టిక్కులోనే ఉంది.

కీ అంటే పాతిక అక్షరాలు, అంకెలు. లైసెన్సు అంటే ఫలానావారు ఫలానా షరతుల మీద ఈ సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చన్న అనుమతి. కీ చెల్లుతుందో లేదో తేల్చే యాక్టివేషన్ సమయంలో మైక్రోసాఫ్ట్ సర్వర్ చూసేది మొదటిదాన్నే. ఈ కీ మనం తయారుచేసిందేనా, బ్లాక్ చేసిన జాబితాలో ఉందా, ఇప్పటికే ఏ మెషిన్ మీద, ఎన్నింటి మీద వాడారు, ఏ ఎడిషన్‌ది (హోమా, ప్రొనా)? ఇంతవరకే. మీరు దాన్ని ఎవరి దగ్గర కొన్నారు, అమ్మినవాడికి ఆ హక్కు ఉందా అన్నది సర్వర్‌కు తెలిసే వీలు లేదు. అందుకే యాక్టివేట్ అయిన విండోస్ అంతా లైసెన్సున్న విండోస్ కాదు. పక్కా లైసెన్సున్న విండోస్ కూడా బోర్డు మారిస్తే ఒక్కోసారి యాక్టివేట్ కానని మొరాయిస్తుంది.

ఒకే విండోస్‌కు ఇన్ని ధరలు ఎందుకో తెలియాలంటే ఆ అనుమతిని దేనికి కట్టేశారో చూడాలి. రిటైల్ లైసెన్సు కొన్న మనిషికి కట్టి ఉంటుంది. ఈ మెషిన్ మీద తీసేసి రేపు ఇంకో మెషిన్ మీద వేసుకోవచ్చు, ఒక సమయంలో ఒక్కదాని మీదే ఉండాలి, అంతే. వాల్యూమ్ లైసెన్సు ఒక సంస్థకు కట్టి ఉంటుంది. ఓఈఎం లైసెన్సు మాత్రం మెషిన్‌కు కట్టి ఉంటుంది. కంప్యూటర్ తయారుచేసి అమ్మేవాళ్లకు మైక్రోసాఫ్ట్ చౌకగా ఇచ్చేది ఇదే. అందుకు ప్రతిఫలంగా, మొదట ఏ మెషిన్ మీద వేశారో దాని మీదే బతకాలి, దానితోనే పోవాలి. పైగా సపోర్టు ఇవ్వాల్సింది మైక్రోసాఫ్ట్ కాదు, ఆ మెషిన్ చేసి అమ్మినవాళ్లు. మన గోదావరి జిల్లాల్లో, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పట్టా భూమికి పక్కనే, అదే మట్టి, అదే కాలవ నీళ్లు, ధర మాత్రం సగం కూడా ఉండదు. పంట కూడా పండుతుంది. కానీ చాలాకాలం పాటు అమ్మినవాడికి అమ్మే హక్కే ఉండేది కాదు, కొన్నవాడి చేతిలో తెల్లకాగితమే ఉండేది.

ఇక తయారీదారు పేరుతో వచ్చే విండోస్ కథ. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీలు లక్షల మెషిన్లు చేస్తాయి. ఒక్కోదానికి కూర్చుని కీ కొట్టలేరు కదా. అందుకని విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచే ఒక ఏర్పాటు ఉంది. బయోస్‌లో, అంటే బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రామ్‌లో, కంపెనీ గుర్తు ఉంటుంది, కంపెనీ ఇచ్చిన విండోస్ సీడీ ఆ గుర్తు కోసం చూస్తుంది. కనపడితే యాక్టివేషన్ అడగనే అడగదు. డెల్ సీడీ తీసుకొచ్చి అసెంబుల్డ్ బోర్డు మీద వేస్తే గుర్తు కనపడదు, యాక్టివేషన్ అడుగుతుంది. అప్పుడు జనం ఏం చేసేవారంటే, కేబినెట్‌కి అంటించిన స్టిక్కర్ మీద ఇంకో కీ ఉండేది, అది కొట్టేవారు. ఈ దారి బాగా నలిగిపోయిందని గమనించి మైక్రోసాఫ్ట్ 2005లో పెద్ద కంపెనీల ఎక్స్‌పీ స్టిక్కర్ కీలకు ఇంటర్నెట్ యాక్టివేషన్ ఆపేసింది, ఫోన్ చేసి వివరం చెప్పుకోవాల్సిందే అంది. విస్టా, విండోస్ 7 వచ్చేసరికి బయోస్‌లో గుర్తుకు బదులు, సరిచూసుకునే వివరాలున్న పూర్తి పట్టికే పెట్టారు. విండోస్ 8తో, అంటే 2012లో, అసలు కీనే ఒక్కో మదర్‌బోర్డులోకి ఎక్కించేయడం మొదలైంది. ఒక్కో మెషిన్‌కు ఒక్కో కీ, బోర్డు చిప్‌లో. అందుకే ఇప్పటి బ్రాండెడ్ లాప్‌టాప్ తిరగేసి చూస్తే విండోస్ బొమ్మ ఉన్న చిన్న స్టిక్కర్ ఉంటుంది గానీ దాని మీద కీ ఉండదు.

అందుకని "డెల్ ఓఈఎం విండోస్ 11 కీ" అని విడిగా ఎవరైనా అమ్ముతుంటే మొదట రావాల్సిన అనుమానం: బోర్డులో ఉండాల్సింది వాట్సాప్‌లోకి ఎలా వచ్చింది?

పాత స్టిక్కర్ల వ్యాపారం మాత్రం నిజంగానే ఒకటి నడిచింది. విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. విండోస్ 7, 8.1 ఉన్నవాళ్లకు ఏడాదిపాటు ఉచితంగా ఇస్తామన్నారు. ఆ గడువు 2016 జులై 29తో అయిపోయింది, కానీ తలుపు గొళ్లెం వేయలేదు. విండోస్ 7 కీ కొడితే విండోస్ 10, ఆ తర్వాత 11 కూడా యాక్టివేట్ అయిపోయేవి. దాంతో తుక్కు కొట్టులో పడున్న ఆఫీసు డెస్క్‌టాప్‌ల కంటే వాటి మీది స్టిక్కరుకే ఎక్కువ విలువ వచ్చింది. సగం చెరిగిన స్టిక్కర్ మీద బీ రాసుందో ఎనిమిది రాసుందో తేల్చుకోవడానికి సెల్‌ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూసేవారు. (ఈ అవస్థ తెలిసే కాబోలు, విండోస్ కీల్లో సున్నా, ఒకటి వాడరు. కానీ బీ, ఎనిమిది రెండూ ఉంటాయి.) చివరికి 2023 సెప్టెంబర్‌లో ఆ తలుపూ మూసేశారు. ఇప్పుడు విండోస్ 7 స్టిక్కర్ మీద ఉన్న కీ కొత్త ఇన్‌స్టలేషన్‌కు పనికిరాదు.

బ్రాండెడ్ కాని ఓఈఎం ఇంకోటుంది, మన అసెంబుల్డ్ లోకానికి దగ్గరది అదే. సిస్టమ్ బిల్డర్ ప్యాక్ అంటారు. చిన్న షాపులవాళ్ల కోసం పెట్టింది. ఒక డీవీడీ, కీ ఉన్న స్టిక్కర్. కీ మీద గీకితే పోయే వెండిపూత ఉంటుంది. రిటైల్ కంటే బాగా తగ్గుతుంది, ఏ బోర్డు మీదైనా పడుతుంది. మరి ఇంట్లో మనమే బిగించుకున్న సిస్టమ్‌కు మనమే ఇది కొనుక్కోవచ్చా? నాకు తెలిసినంతలో ఇంత సూటి ప్రశ్నకు ఇన్ని వంకర జవాబులు ఇంకెక్కడా రాలేదు. విండోస్ 7 నాటి షరతుల ప్రకారం సిస్టమ్ బిల్డర్ అంటే చేసి మరొకరికి అమ్మేవాడు, సొంతానికి చేసుకునేవాడు కాదు. అయినా ఊరూవాడా అలాగే కొనేవారు. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు, సొంతానికి బిగించుకునేవాళ్లూ ఇదే ప్యాక్ వాడుకోవచ్చని ప్రత్యేకంగా అనుమతి రాశారు. ఆ ఉదారం ఎక్కువ కాలం సాగలేదు. ఇప్పుడు మళ్లీ పాత మాటే: సొంతానికైతే రిటైల్ కొనుక్కోండి, ఓఈఎం ప్యాక్ పూర్తిగా బిగించిన కంప్యూటర్‌తో కలిపి అమ్మడానికే.

ఇందులోంచే ఒక విచిత్రం పుడుతుంది. అదే డీవీడీ, అదే కీ, అదే బోర్డు. తణుకులో షాపాయన బిగించి, విండోస్ వేసి, కేబినెట్‌కి స్టిక్కర్ అంటించి, బిల్లులో రాసి ఇస్తే అది నిఖార్సైన లైసెన్సు. అదే ప్యాక్ తెచ్చి మీరు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంట్లో వేసుకుంటే షరతులకు బయట. నా ఉద్దేశంలో ఇది అర్థం లేని తేడా. కానీ ఈ తేడాను మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. సామాన్లు మీరే ఎంచుకోండి, బిగించే పని మాత్రం షాపుకిచ్చి, సిస్టమ్ మొత్తానికి కలిపి బిల్లు అడగండి. ఓఈఎం ధరకే లైసెన్సు వస్తుంది, షరతూ నెరవేరుతుంది. స్టిక్కర్ ఒక్కటీ విడిగా ఎవరైనా అమ్మజూపితే మాత్రం వద్దనేయండి. కంప్యూటర్ లేకుండా, సాఫ్ట్‌వేర్ లేకుండా ఒట్టి స్టిక్కర్ అమ్మడానికి ఎవరికీ హక్కు లేదు.

ఇంతకీ ఐదారు వందల కీలు ఎక్కడివి? వాటిలో ఓఈఎం అన్న మాట చాలావరకు ముసుగే. ఎక్కువగా వచ్చేవి సంస్థలకిచ్చే వాల్యూమ్ కీలు. ఒక కంపెనీకి వెయ్యి మెషిన్ల కోసం ఒకే కీ ఇస్తారు, దాన్ని మాక్ కీ అంటారు. వెయ్యిలో ఆరొందలే వాడితే, మిగతా నాలుగొందల అవకాశాలూ ఎవడో లోపలివాడు బయటికి జారవిడుస్తాడు. విద్యాసంస్థలకు, సాఫ్ట్‌వేర్ డెవలపర్లకు చందా మీద ఇచ్చే కీలూ ఇలాగే బయటపడతాయి. దొంగ క్రెడిట్ కార్డుతో కొన్నవీ ఉంటాయి. కార్డు అసలు యజమాని గొడవచేసి డబ్బు వెనక్కి తీసుకున్నాక ఆ కీని బ్లాక్ చేస్తారు, పోయేది మాత్రం మీ విండోస్.

మాక్ కీకి లెక్క అయిపోయాక జరిగే తంతు చూడాల్సిందే. కీ కొడితే ఇంటర్నెట్‌లో యాక్టివేట్ కాదు. అమ్మినవాడు కంగారు పడడు, "ఫోన్ యాక్టివేషన్ సెలెక్ట్ చేసి స్క్రీన్ ఫొటో పంపండి బ్రో" అంటాడు. స్క్రీన్ మీద ఏడేసి అంకెల చొప్పున తొమ్మిది గుంపులు, మొత్తం 63 అంకెల ఇన్‌స్టలేషన్ ఐడీ ఉంటుంది. మీరు ఫొటో పంపుతారు. కాసేపటికి ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, 48 అంకెల కన్ఫర్మేషన్ ఐడీ వాట్సాప్‌లో వస్తుంది. ఏ నుంచి హెచ్ దాకా ఉన్న గడుల్లో అవి నింపితే పచ్చ టిక్కు పడుతుంది. అసలు ఆ ఏర్పాటు ఉన్నది నెట్ లేనివాళ్ల కోసం, బోర్డు మార్చుకున్న నిజమైన కొనుగోలుదారు కోసం. ఇక్కడ మీ తరఫున ముక్కూమొహం తెలియనివాడు మైక్రోసాఫ్ట్‌కు ఏదో చెప్పి తెచ్చుకొస్తున్నాడు. ఏం చెప్పాడో మీకు తెలియదు. మళ్లీ ఫార్మాట్ కొట్టాల్సి వస్తే అదే నంబరుకు మెసేజ్ పెట్టాలి, వాడు అప్పటికి ఆ నంబరు మీద ఉండాలి.

ఇంకొందరు ఎనీడెస్క్ (దూరం నుంచే మీ మెషిన్ నడిపించే యాప్) ఇవ్వండి, మేమే వేసేస్తాం అంటారు. అది ఇంకా ప్రమాదం. అక్కడ కీ కూడా ఉండదు. కేఎంఎస్ అని పెద్ద సంస్థలు తమ నెట్‌వర్క్ లోపలే యాక్టివేషన్ చేసుకునే పద్ధతి ఒకటుంది. కనీసం 25 మెషిన్లు ఉంటేనే ఆ సర్వర్ పనిచేస్తుంది. ఒక్కసారి యాక్టివేట్ చేస్తే 180 రోజులు నడుస్తుంది, ఈలోగా మెషిన్ వారానికోసారి సర్వర్‌ను పలకరించి గడువు పొడిగించుకుంటుంది. మీ ఇంట్లో అలాంటి సర్వరేదీ లేదు గనక, దొంగ సర్వర్ ఒకదాన్ని మీ మెషిన్‌లోనే కూర్చోబెడతారు. అది కూర్చోవాలంటే యాంటీవైరస్ ఆపాలి. ఆపినప్పుడు దానితోపాటు ఇంకేం లోపలికొచ్చాయో తెలియదు, ప్రమాదం మీ ఫోన్‌పే, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌లకే.

ఇవి అమ్మే సైట్లు తరచూ ఒక వాదన చేస్తాయి: "వాడిన లైసెన్సులు అమ్మడం చట్టబద్ధమే, కోర్టు చెప్పింది." ఇందులో సగం నిజం. జర్మనీలో అత్యున్నత న్యాయస్థానం 2000లోనే ఓఈఎం విండోస్‌ను కంప్యూటర్ లేకుండా విడిగా అమ్మడాన్ని మైక్రోసాఫ్ట్ అడ్డుకోలేదంది. 2012లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కేసులో, డౌన్‌లోడ్ చేసుకున్న సాఫ్ట్‌వేర్ లైసెన్సునైనా కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చంది. అదే తీర్పులో ఉండి, అమ్మేవాళ్లు చెప్పనిది రెండో సగం: అమ్మినవాడు తన దగ్గరున్న కాపీని పనికిరాకుండా చేసేయాలి, గంపగుత్తగా కొన్న లైసెన్సును ముక్కలు చేసి అమ్మకూడదు. లోపలివాడు జారవిడిచిన మాక్ కీకి ఈ తీర్పు అండ ఇవ్వదు. పైగా అవి యూరప్ తీర్పులు, కోనసీమకు వర్తించవు. ఇక్కడ వర్తించేది 1957 కాపీరైట్ చట్టం. అందులో 63బి సెక్షన్, కాపీరైట్‌ను ఉల్లంఘించిన ప్రోగ్రామ్ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా అంటుంది. లాభం కోసం గానీ వ్యాపారంలో గానీ వాడలేదని తేలితే కోర్టు జైలు వద్దని, 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. దీన్ని పట్టుకుని పాలకొల్లు కుర్రాడి గదికి ఎవరో సోదాకొస్తారని నేను భయపెట్టను. కానీ రొయ్యల మేత డీలరు ఆఫీసులో జీఎస్టీ బిల్లులు కొట్టే మెషిన్, నెట్ సెంటర్‌లో పది మెషిన్లు, ఇవి "వ్యాపారంలో" అన్న మాట కిందికే వస్తాయి. అక్కడ ఐదొందల కీ పెట్టడం తెలివైన పొదుపు కాదు.

గోదావరి డెల్టాలో ఓఈఎం కొనాలంటే ఆలోచించాల్సింది ఇంకోటుంది, హైదరాబాద్ యూట్యూబ్ వీడియోల్లో ఇది చెప్పరు. ఓఈఎం లైసెన్సు ఆయుష్షు మదర్‌బోర్డు ఆయుష్షే. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు వైపు ఊళ్లలో బోర్డు పిన్నులు పచ్చగా చిలుమెక్కుతాయి. రొయ్యల చెరువుల దగ్గర, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే వోల్టేజీ కిందా మీదా అవుతుంది. యూపీఎస్ లేని సిస్టమ్‌కు ఒక్క పిడుగు చాలు. బోర్డు చెడిపోయి, దాని బదులు అలాంటిదే వేస్తే లైసెన్సు పోదు, మైక్రోసాఫ్ట్ సపోర్టుకు సంగతి చెప్పి కొనసాగించుకోవచ్చు. ఇది మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేదే. కానీ "ఎలాగూ విప్పాం కదా, కొత్త జనరేషన్ బోర్డు వేసేద్దాం" అనుకుంటే మైక్రోసాఫ్ట్ లెక్కలో అది కొత్త కంప్యూటర్, పాత ఓఈఎం దానికి చెల్లదు. మూడు నాలుగేళ్లకోసారి బోర్డు మార్చే అలవాటున్నవాళ్లకు రిటైల్ ఒక్కసారి కొనడమే దీర్ఘకాలంలో చౌక. రిటైల్ కొన్నవాళ్లు దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు లింక్ చేసుకోవాలి. బోర్డు మారాక సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో "ఈమధ్యే హార్డ్‌వేర్ మార్చాను" అన్నది నొక్కితే పని అయిపోతుంది.

మీ మెషిన్‌లో ఇప్పుడున్నది ఏ రకమో చూసుకోవడం తేలిక. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎస్ఎల్ఎంజీఆర్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్ఐ అని కొట్టి (slmgr /dli) ఎంటర్ నొక్కండి. చిన్న కిటికీలో "చానెల్" అని ఒక మాట కనిపిస్తుంది. దాని ముందు ఓఈఎం డీఎం ఉంటే బోర్డులో పుట్టిన కీ. ఓఈఎం సీఓఏ అని ఉంటే స్టిక్కర్ కీ. వాల్యూమ్ మాక్ గానీ, వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ గానీ ఇంట్లోని సొంత సిస్టమ్ మీద కనిపించిందంటే, అమ్మినవాడు ఓఈఎం అని చెప్పింది అబద్ధం. రిటైల్ అని ఉన్నా పూర్తిగా నిశ్చింత పడొద్దు. డిజిటల్ లైసెన్సు మీద, అంటే మెషిన్ పేరున మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదైన అనుమతి మీద నడిచే చాలా మెషిన్లలో, ఎడిషన్‌కొకటి చొప్పున అందరికీ ఒకటే అయిన జెనెరిక్ కీ, రిటైల్ పేరుతోనే కనిపిస్తుంది. దాని వెనక ఉన్న కథ బిల్లే చెప్పాలి.

డబ్బు నిజంగా లేనప్పుడు ఏం చేయాలి? కీ వేయకుండానే విండోస్ వాడుతున్నవాళ్లు బోలెడుమంది. మూలన "యాక్టివేట్ విండోస్" అన్న అక్షరాలు, సెట్టింగ్స్‌లో వాల్‌పేపర్ లాంటివి మార్చుకోలేకపోవడం తప్ప సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. షరతుల ప్రకారం అదీ అనుమతి లేని వాడకమే, కానీ కనీసం ముక్కూమొహం తెలియనివాడికి మీ మెషిన్ తాళాలు ఇచ్చినట్టు కాదు. చదువుకి, బ్రౌజింగ్‌కి లినక్స్ హాయిగా సరిపోతుంది, పైసా అక్కర్లేదు. డీటీపీ, అంటే అచ్చుకి పేజీలు కూర్చే పని, చేసేవాళ్లకు మాత్రం ఆ సలహా ఇవ్వలేం. పెళ్లి శుభలేఖలు చాలావరకు ఇప్పటికీ అనూ ఫాంట్లలో, 2001 తర్వాత కొత్త వెర్షన్ రాని పేజ్‌మేకర్‌లో నడుస్తున్నాయి, వాళ్లకు విండోస్ తప్పదు. అలాంటివాళ్లకు అధీకృత రీఫర్బిషర్ల (పాత మెషిన్లు బాగుచేసి అమ్మేవాళ్ల) దగ్గర లైసెన్సుతో సహా వచ్చే పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్ మంచి దారి. కాకపోతే విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రత కోసం మెషిన్‌లో ఉండే ఏర్పాటు), ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ గానీ ఆపైది గానీ ఉండాలి. ఆరో జనరేషన్ మెషిన్ చౌకగా వస్తోందంటే కారణం అదే, అడిగి తీసుకోవాలి.

ఇప్పటికే ఐదొందల కీ మీద నడుపుతూ, ఇక పద్ధతిగా కొనుక్కుందాం అనుకునేవాళ్లు ఒక్కటి చూసుకోండి. ఆ చౌక కీలు దాదాపు అన్నీ ప్రొవే. మీరు ప్రొ రిటైల్ కొంటే సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర చేంజ్ ప్రొడక్ట్ కీ నొక్కి కొత్తది కొడితే చాలు, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ధర తక్కువని హోమ్ కొంటే మాత్రం ప్రొ మీద హోమ్ కీ పడదు, ఫార్మాట్ కొట్టి హోమ్ వేసుకోవాల్సిందే. ముందు డేటా బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసిపెట్టుకుని మొదలుపెట్టండి.